మూపురం మీద మొదటి బిందె

సాత్తూరులో బస్సు ఆగినప్పుడు ఆ మాట విన్నాను. విరుదునగర్‌లో పత్తి విత్తనం మాట్లాడుకుని కోవిల్‌పట్టికి తిరిగి వస్తున్నాను. బస్సు మూతిలోంచి ఆవిరి ఎగదన్నుతోంది. కండక్టరు దిగి, దాని చుట్టూ ఒకసారి తిరిగి, "మన పాత డైవరే ఉండుంటే ఈపాటికి వేలు ముంచి నాలిక్కి రాసుకుని రోగం చెప్పేసి ఉండును" అన్నాడు, ఎవరితోనూ కాదు. నాలిక్కి రాసుకోవడం అనగానే కిటికీలోంచి తల బయటపెట్టాను. ఏ డైవరని అడిగాను. పొడుగ్గా ఉంటాడు, నడుముకి స్పానరు దోపుకుంటాడు, అన్నాడు. ఎక్కడున్నాడిప్పుడు అంటే, పోయిన మాసినెలలో పోయినాడే అన్నాడు. జబ్బేమిటంటే తెలియదన్నట్టు అరచెయ్యి తిప్పి చూపించాడు. తరువాత నా మొహం చూసి, "మీకు ఏమవుతాడు ఆయన?" అని అడిగాడు.

ఎవరో బస్సు మూతిలో నీళ్ళు పోశారు. బస్సు కదిలింది. కోవిల్‌పట్టి వచ్చేదాకా కిటికీ పక్కన కరిసలు నేల, అంటే మా నల్లరేగడి, పగుళ్ళు చూస్తూ కూర్చున్నాను. ఆయన నాకు ఏమవుతాడు?

'ఆయన' అని రాస్తున్నాను. మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేను 'నువ్వు' అనే పిలిచాను, చాటున 'వాడు' అన్నాను. నాకంటే పది పన్నెండేళ్ళు పెద్దవాడు. కాగితం మీద ఇప్పుడు ఇచ్చే మర్యాద వల్ల ఆయనకు ఒరిగేది లేదని తెలుసు. అయినా చెయ్యి వాడు అని రాయనంటోంది.

*

ఆయన మాకు ఇనుప ట్రాక్టరుతో పాటు వచ్చాడు. తిరుచ్చులి వైపు ఒక జమీందారు దాన్ని కొని, నాలుగు పంటకార్లు దున్ని, విసుగెత్తి మూల పడేశాడు. మా నాయన వెళ్ళి బేరం చేశాడు. మా చేలల్లో సగానికి గరిక దిగిపోయి ఉంది. కరిసలు నేలలో గరిక వేరు మనిషి లోతు పోతుంది; గడ్డపారలు పట్టిన గుంపు వేసవంతా తవ్వినా ఒక చెక్క నేల కూడా తేలదు. లోతుగా దున్నే బండి ఒకటి ఉంటే ఐప్పసి నెల వానలకు ముందు నేల శుభ్రమవుతుందని నాయన ఆశ. ఆ ఆశకు రెండు జతల ఎద్దులను అమ్మేశాడు. ఎద్దులను తోలుకుపోయిన రోజు మా అవ్వ, అంటే నాయన తల్లి, అన్నం ముట్టలేదు. కొట్టం గడప మీద కూర్చుని ఖాళీ గాడిని చూస్తూ ఉండిపోయింది.

మరునాడు మధ్యాహ్నం ట్రాక్టరు వచ్చింది. ఊరంతా కలిసి పేలినట్టు చప్పుడు. దాని మీద ఆయన కూర్చోలేదు, నిలబడి తోలుకొచ్చాడు, రథం మీద వచ్చినట్టు. ఎందుకు నిలబడ్డాడో తరువాత తెలిసింది. సీటు కింద ఉన్నది గేరుపెట్టె. కొంతసేపు పని చేస్తే ఆ పెట్టె పెనంలా కాలుతుంది, దాని వేడికి ఇనుప సీటూ కాలుతుంది. అందుకే ఆయన ఎప్పుడూ ఒక గోనెసంచి నీళ్ళలో ముంచి సీటు మీద పరుచుకునేవాడు. అది ఆరిపోతే మళ్ళీ ముంచేవాడు. సంచిలోంచి కారిన నీళ్ళు కింద ఇనుము మీద పడి సుయ్యిమనేవి. చేను గట్టున నిలబడితే ఆ సుయ్యి చప్పుడు వినపడేది.

అవ్వ గడప దిగి వచ్చి ట్రాక్టరు చుట్టూ తిరిగింది.

"దీనికి మేత ఏమిరా?"

"కిరసనాయిలవ్వా."

"నీళ్ళు తాగుతుందా?"

"తాగకుండానా? పొద్దుటొకసారి, ఎండపూట ఒకసారి."

"ఎంత తాగుతుంది?"

ఆయన రెండు చేతులూ పంచెకు తుడుచుకున్నాడు. "అది నాకు తెలుసు" అన్నాడు. తరువాత ఆలోచించాడు. "ఒక ఎద్దు తాగినంత."

"అట్లయితే ఎద్దే" అంది అవ్వ. ఆ మాటతో దాన్ని ఇంట్లోకి ఒప్పుకుంది.

*

ఆయన గురించి చెప్పాలంటే ముందు ఆ మాటే చెప్పాలి. "అది నాకు తెలుసు." ఎవరు ఏమడిగినా ముందు రెండు చేతులూ తుడుచుకోవడం, ఆ మాట అనడం, ఆ తరువాతే ఆలోచించడం. కొలంబుకు ఓడ ఎన్నాళ్ళు పోతుంది? అది నాకు తెలుసు. పత్తి ధర ఎందుకు పడింది? అది నాకు తెలుసు. దొరలు చింతపండు తింటారా? అది నాకు తెలుసు, తినరు, కానీ వాసన చూస్తారు. ఒకసారి అవ్వ పరీక్ష పెట్టింది.

"మా తాత పేరు నీకు తెలుసునా?"

"తెలుసునవ్వా."

"ఏమి?"

చేతులు తుడుచుకున్నాడు. "పెద్దాయన."

అవ్వ నవ్వి నవ్వి దగ్గింది. "వీడి నోట్లో లేదనే మాట దేముడు పెట్టలేదురా" అంది.

నేనూ నవ్వేవాణ్ణి, కానీ వేరే రకంగా. విరుదునగర్‌లో హాస్టలులో ఉండి చదివి, ఆఖరి పరీక్ష తప్పి ఇంటికి వచ్చి కూర్చున్న రోజులవి. సగం చదువు చదివినవాడికి, చదవకుండానే అన్నీ తెలుసునన్న మనిషిని చూస్తే ఒళ్ళు మండుతుంది. సాయంత్రం కోవిల్‌పట్టి కాఫీ కొట్లో నేను చేతులు పంచెకు తుడుచుకుని, గొంతు మార్చి, "అది నాకు తెలుసు" అనేవాణ్ణి. బల్లల మీద వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. ఒకరోజు ఆయన కాఫీ కొట్టు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, నేను చూడలేదు. చూసేసరికి, "చిన్నయ్యా, చేతులు కుడి ముందు తుడవాల, ఎడమ కాదు" అని చెప్పి, తన కాఫీ తాగి వెళ్ళిపోయాడు. కోపంగా అన్నాడో తమాషాగా అన్నాడో నాకు ఇప్పటికీ తేలలేదు.

ట్రాక్టరుకు ఏది వచ్చినా ఆయన వైద్యం ఒకటే. వేలు ముంచి, నాలిక చివర రాసుకుని, ఒక కన్ను మూసేవాడు. "పిత్తం" అనేవాడు. లేకపోతే "వేడి చేసింది." లేకపోతే "అలిగింది." ఆ తరువాత ఎక్కడెక్కడో విప్పి, బిగించి, కొట్టి, ఊది, చివరికి ఏదో ఒకటి కుదిరి బండి నడిచేది. దేనివల్ల కుదిరిందో ఆయనకు తెలియదని నా నమ్మకం. కానీ నడిచేది. గరిక వేర్లు తాళ్ళలా పైకి వచ్చి ఎండలో పడేవి. నాయన వాటిని వంగి ఏరి, విరిచి చూసి, మళ్ళీ పడేసేవాడు. నాయనలో అంత సంతోషం ఎప్పుడూ చూడలేదు.

సాత్తూరు పక్క పల్లెలో ఆయన భార్య పుట్టింట్లో ఉండేది. కూలీల కుటుంబం, కిరస్తానీలు, ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళు. పెళ్ళయి ఏళ్ళు గడిచినా ఇద్దరూ ఒక్కచోట కాపురం పెట్టింది లేదు. ఈయన బండి ఎక్కడుంటే అక్కడ కొట్టంలో పడుకునేవాడు. మా కొట్టం చివర ఒక గది ఉండేది. దాన్ని ఇమ్మని ఆయన నాయనను అడిగాడు. నాయన తేల్చి చెప్పాడు: "వానల ముందర చేనంతా దున్ని చూపించు. బండి నడిస్తే గది నీది. నడవకపోతే నీ దోవ నీది."

"నడుస్తుందయ్యా. అది నాకు తెలుసు" అన్నాడు.

దున్నడం అయ్యేదాకా ఆగకుండా భార్యను వెంటనే తెచ్చేశాడు. ఆమె వచ్చిన రోజే గది ముందు మునగకొమ్మ ఒకటి పాతింది. పండే నేల కాదు, ఆరిన నేల. దారినపోయేవాళ్ళు అది బతకదన్నారు. "బతుకుతుంది" అని ఆయన గదిలోంచి కేకేశాడు, "అది నాకు తెలుసు" అని.

*

మా ఇంట్లో శుక్రవారం పొద్దున ఎద్దులను కడగడం అవ్వ వంతు. ఎద్దులు పోయాక ఆ శుక్రవారం ఏం చేస్తుందా అని అనుకున్నాం. ఆమెకు ఏ సందేహమూ రాలేదు. కొబ్బరి పీచు, పసుపు, బిందె తీసుకుని ట్రాక్టరు దగ్గరికి నడిచింది.

"అవ్వా, ఇది ఇనుము" అన్నాను నేను.

"ఆరు దినాలు పని చేసినోడికి ఏడో దినం నీళ్ళు పొయ్యకుండా కట్టేస్తారారా?"

ఎద్దుకు నీళ్ళు పొయ్యడంలో ఆమెకొక పద్ధతి ఉంది. మొదటి బిందె మూపురం మీద పొయ్యాలి. కాడి మోసిన బరువంతా అక్కడ ఉంటుంది కాబట్టి అక్కడి వేడి ముందు దిగాలట. తరువాత వీపు, తరువాత కాళ్ళు, ఆఖరున మొహం. ట్రాక్టరుకు మూపురం ఏదని ఆమె వెతికింది. సీటు ముందర, గేరుపెట్టె మూత కొంచెం ఉబ్బి ఉంటుంది; అందులోంచి గేరుకడ్డీ నిలబడి ఉంటుంది. అదే మూపురమని తేల్చింది. మొదటి బిందె అక్కడ కుమ్మరించింది. చక్రాలకు పసుపు రాసింది. మొహానికి, అంటే ఆవిరి వచ్చే మూతికి, కుంకుమ బొట్టు పెట్టింది. సాంబ్రాణి పొగ చూపించింది.

బావి దగ్గర నుంచి బిందెలు అందించింది ఆయనే. ప్రతి శుక్రవారం. మెడలో సిలువ కట్టుకున్న కిరస్తానీ మనిషి, ఇనుపెద్దుకు అవ్వ చేసే పూజలో ఒక పక్కన నిలబడి, సాంబ్రాణి పొగ తన వైపు వస్తే కళ్ళు మూసుకునేవాడు. "చక్రం కింద సగం రాయలేదవ్వా" అని గుర్తు చేసేవాడు కూడా.

ఆ తడి అంతా పల్లానికి జారి ఆయన గది ముందు మునగకొమ్మ మొదట్లోంచి పోయేది.

*

వేసవి పోయి ఆడి నెల గాలులు మొదలైనప్పుడు బండికి జబ్బు చేసింది. గేరుకడ్డీ తోస్తే పోదు, పోతే రాదు. క్లచ్చు తొక్కినా బండి ఆగకుండా పాకేది. లోపల పళ్ళు నూరిన చప్పుడు. ఆయన బండిని కొట్టం ముందుకు తెచ్చి, కిందికి దూరి, గేరుపెట్టె అడుగు బిరడా విప్పాడు. ముందు కొంచెం నీళ్ళు వచ్చాయి. ఆ తరువాత నూనె.

అది నూనెలా లేదు. నల్లగా, చిక్కగా ఉండాల్సింది తెల్లగా, నురుగుగా, చిలికిన చల్లలా జారింది. చూడ్డానికి వచ్చిన నలుగురూ వంగి చూశారు. ఆయన వేలు ముంచి, నాలిక్కి రాసుకుని, కన్ను మూశాడు. చాలాసేపు తెరవలేదు.

"ఏమి?" అన్నాడు నాయన.

"నీళ్ళు" అన్నాడు.

"అది మాకూ తెలుసులే" అన్నాను నేను. అందరూ నవ్వారు.

కొత్త నూనె డబ్బాల్లో విరుదునగర్ నుంచి రావాలి. అంత నూనెకు నాయన చేతిలో అప్పుడు డబ్బు ఆడలేదు. ఉన్న నూనెనే బాగు చేస్తానన్నాడు ఆయన. ఎట్లా అంటే, అది నాకు తెలుసన్నాడు. ఎట్లాగో ఆయనకు తెలియదని మొహం చూస్తేనే తెలుస్తోంది. అప్పుడు అవ్వ లేచింది.

"వెన్న కాచేటట్టు కాయరా. లోపల నీళ్ళుంటే చిటపటమంటుంది. చిటపట నిలిచిపోతే నీళ్ళు పోయినట్టు."

"అదే, అదే నేను చెప్పబోయింది" అన్నాడు ఆయన.

వడ్లు ఉడికించే కొప్పెర తెచ్చి, పెరట్లో మూడు రాళ్ళ మీద పెట్టారు. ఆ సాయంత్రం అవ్వా ఆయనా ఆ కొప్పెరకు రెండు వైపులా కూర్చున్న దృశ్యం నా కళ్ళలో నుంచి పోదు. చుట్టూ భరించలేని వాసన. ఆయన కర్రతో తిప్పుతూ ఉన్నాడు. అవ్వ చెవి అటు వంచి వింటూ ఉంది.

"చాలునా అవ్వా?"

"ఇంకా మాట్లాడతా ఉండాది. దించొద్దు."

"నాకూ వినపడతా ఉండాది."

"నీకేమి వినపడతాది, ఇంజను పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్నోడివి."

"పోలేదవ్వా. నువ్వు తిట్టేది బాగా వినపడతా ఉండాది."

ఆ నూనె చల్లారి మళ్ళీ నల్లబడింది. కిరసనాయిలుతో పెట్టె లోపల కడిగి, ఆ నూనె పోశాడు. బండి నడిచింది. నాయన ఆ రాత్రి అన్నం తింటూ రెండుసార్లు "గట్టివాడే" అన్నాడు. నాకు మింగుడు పడలేదు.

ఆ బాగు ఎక్కువ రోజులు నిలవలేదు. పురటాసి నెల ఎండలు. పడమట మబ్బు కమ్ముతోంది. చేను ఇంకా మూడో వంతు మిగిలి ఉంది. గేరుకడ్డీ మళ్ళీ పట్టేసింది. బిరడా విప్పితే మళ్ళీ చల్ల.

*

నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయి? ఊళ్ళో ప్రతివాడికీ ఒక జవాబు ఉంది. మంచు అన్నారు. దిష్టి అన్నారు. ఎద్దులు పోయి పని తగ్గిన దుక్కివాళ్ళు ఎవరో పోశారన్నారు. నా జవాబు నాకుంది, దాన్ని నేనే నాయన చెవిలో వేశాను. పాలు పలచబడితే పాలు పోసేవాణ్ణి అడుగుతాం కదా, అన్నాను. నూనె విలువైంది, డబ్బాల్లో అమ్ముడుపోతుంది, తీసినంత నీళ్ళు పోసి సరిపెడితే ఎవరికి తెలుస్తుంది, అన్నాను. నేను ఏదీ చూడలేదు. చూసినట్టు అబద్ధం కూడా చెప్పలేదు. తెలిసినవాడిలా మాట్లాడాను, అంతే. ఆ గొంతు నేను ఎవరిని వెక్కిరిస్తూ నేర్చుకున్నానో అప్పుడు తట్టలేదు.

నాయన ఆయనను పిలిపించాడు. అరుగు మీద నాయన, పక్కన స్తంభానికి ఆనుకుని అవ్వ, గడపలో నేను. ఆయన కింద వాకిట్లో నిలబడ్డాడు. కొట్టం పక్క నుంచి ఆయన భార్య చూస్తోంది.

"నూనె అమ్మినావా?" అన్నాడు నాయన.

"లేదయ్యా."

"అమ్మలేదా. సరి. అయితే పెట్టెలోకి నీళ్ళు ఎక్కడ నుండి వచ్చినాయి?"

ఆయన చేతులు పంచెకు తుడుచుకున్నాడు. కుడి, తరువాత ఎడమ. మళ్ళీ కుడి. మేమందరం ఆ మాట కోసం ఎదురు చూశాం. నేనైతే నవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. ఆయన నాయన వైపు చూడలేదు. అవ్వ వైపు చూశాడు. తరువాత కొట్టంలో ఉన్న బండి వైపు చూశాడు. దాని సీటు మీద తడి గోనెసంచి ఉంది.

"నాకు తెలియదయ్యా" అన్నాడు.

ఆ మాట ఆయన నోట అంతకుముందు ఎవరూ వినలేదు. మంచు అని ఉంటే నాయన నమ్మేవాడు. దిష్టి అన్నా నమ్మేవాడేమో. తెలియదు అనేది మాత్రం నాయన తట్టుకోలేకపోయాడు.

"కొలంబు ఓడ తెలుసును. దొర చింతపండు తెలుసును. నీ కాలి కింద పెట్టెలో నీళ్ళు తెలియదా?"

"తెలియదయ్యా."

"అట్లయితే పో."

అవ్వ ఏదో అనబోయింది. నాయన లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆయన వాదించలేదు, బతిమాలలేదు. ఆయన భార్య మూట కట్టింది. స్పానరు తనది, నడుముకి దోపుకున్నాడు. గోనెసంచి మాది అనుకున్నాడో ఏమో, సీటు మీద నుంచి తీసి, పిండి, మడిచి, కొట్టం గోడ మీద ఆరేశాడు. ఆమె మునగకొమ్మ దగ్గర ఒక నిమిషం ఆగింది. దానికి అప్పటికే నాలుగు చిగుళ్ళు వచ్చాయి. పీకుతుందేమో అనుకున్నాను. వంగి ఒక ఎండుటాకు తీసేసి, ఆయన వెనక నడిచింది.

*

వచ్చిన శుక్రవారం అవ్వ బిందె తీసుకుని బండి దగ్గరికి వెళ్ళింది. అందించడానికి మనిషి లేడు కాబట్టి నన్ను పిలిచింది. అట్లా ఆ రోజు మొదటిసారి నేను దగ్గరగా నిలబడ్డాను. ఆమె మొదటి బిందె ఎత్తి మూపురం మీద పోసింది. నీళ్ళు అటూ ఇటూ జారాలి కదా. చాలా కొంచెమే జారాయి. మిగతావి గేరుకడ్డీ చుట్టూ ఉన్న సందులోకి గుటగుటమని దిగిపోయాయి. కడ్డీ కదలడానికి వదిలిన సందు అది. దాని చుట్టూ ఒకప్పుడు తోలుముక్క చుట్టి ఉండేదట. మాకు వచ్చేనాటికే అది లేదు.

"అవ్వా, ఆపు" అన్నాను.

చెప్పాను. ఆమె వంగి ఆ సందులోకి చూసింది. వేలు పెట్టి చూసింది. బిందె కింద పెట్టి దాని పక్కనే కూలబడింది.

"బిందెలు అందించింది వాడే కదరా" అంది. "వారం వారం చూసినాడు కదా. అప్పుడు చెప్పకూడదా? పోనీ ఆ దినం మీ నాయన ముందర చెప్పకూడదా?"

నాకు అప్పుడు అంతా తెలిసిపోయినట్టు అనిపించింది. నా స్వభావమే అది. ఆయన దొంగ అని ఎంత గట్టిగా నమ్మానో, అంతే గట్టిగా ఇప్పుడు ఆయన మహానుభావుడని నమ్మాను. అవ్వ మీదికి మాట రాకూడదని, కొడుకు ముందర ఆమె తల దించుకోకూడదని, తన గది, తన కాపురం వదులుకుని 'తెలియదు' అన్నాడు. అంతకంటే ఇంకేముంటుంది? ఆయన విరుదునగర్‌లో బస్సుల దగ్గర చేరాడని విని, నాయనకు చెప్పకుండా మరునాడే బస్సెక్కాను.

*

విరుదునగర్‌లో, అవ్వ ఇంకా విరుదుపట్టి అనే పిలిచే ఊళ్ళో, బస్సులు నిలిచే చోట ఆయన కనిపించాడు. ఒక బస్సు మూత ఎత్తి, చుట్టూ చేరిన ప్రయాణీకులకు దాని కడుపులో ఏముందో చెబుతున్నాడు. "ఇది ఎందుకప్పా ఇట్ల దగ్గుతుంది?" అని ఎవరో అరవంలో అడిగారు. "అది నాకు తెలుసు" అన్నాడు ఆయన అరవంలోనే. నన్ను చూసి మాట ఆపాడు. చేతులు తుడుచుకున్నాడు.

"రా చిన్నయ్యా. అవ్వ బాగుండాదా?"

నేను దారి పొడుగునా తయారు చేసుకున్నదంతా ఒక్క ఊపులో చెప్పాను. మూపురం, సందు, మొదటి బిందె. నీకు ముందే తెలుసు, అవ్వ కోసమే దాచావు, నాకు అర్థమైంది, నువ్వు తిరిగి రావాలి, అన్నాను. మొదటిసారి ఆయనను 'అన్నా' అని పిలిచాను. కొంచెం కన్నీళ్ళు కూడా వచ్చాయి.

ఆయన శ్రద్ధగా విన్నాడు. పరాయివాళ్ళ ఇంటి సంగతి విన్నట్టు విన్నాడు.

"మూపురం కాడ సందు ఉండాదని తెలుసును" అన్నాడు. "నీళ్ళు కొంచెం దిగుతాయేమో అని అనుమానమూ ఉండె."

"మరి?"

"మరి నా గోనెసంచి?"

నాకు అర్థం కాలేదు.

"సీటు కాలుతుందని దినమంతా తడిపి వేస్తా ఉంటిని కదా. సీటు ముందరే కదా ఆ సందు? అవ్వ వారానికి ఒకసారి పోసింది. నేను దినమంతా పోస్తిని. ఏది దిగింది, ఏది ఆవిరై పోయింది? ఎవరు చూసినారు? నూనెలో కలిసినాక అవ్వ నీళ్ళు ఇవి, నా నీళ్ళు ఇవి అని ఏరేదానికి అవుతుందా? నాలిక్కి రాసి చూస్తిని, చిన్నయ్యా. తెలియలేదు."

"అవ్వ కోసం కాదా అయితే?"

ఆయన నవ్వాడు. "అవ్వ పేరు చెప్పి నేను తప్పించుకోవచ్చును. నా గోనెసంచి అని చెప్పి అవ్వను తప్పించవచ్చును. రెండూ మనసులోకి వచ్చినాయి. ఏది నిజమో తెలియలేదు. అయ్య అడిగినాడు, ఎక్కడ నుండి అని. తెలియదంటిని." కొంచెం ఆగి, "ఒక్కసారి నిజం చెప్తే ఇంత కష్టమా అప్పా!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళకు ఏమీ అర్థం కాకపోయినా నవ్వారు.

"తిరిగి రా" అన్నాను మళ్ళీ. అప్పటికి నా గొంతులో మొదటి ఊపు లేదు.

"అయ్య పిలిచినాడా? నువ్వు పిలుస్తా ఉండావా?"

నాయనకు తెలియకుండా వచ్చాను. తెలిస్తే ఏమంటాడో తెలియదు. నూనె అమ్మాడని నాయన చెవిలో వేసింది నేనే అని చెబుదామని నోరు తెరిచాను. ఆయన నా మొహం చూసి, "అది నాకు తెలుసు" అన్నాడు. ఏది తెలుసు? నేను చెప్పబోయేదా? నాయన పిలవలేదన్నదా? లేక అలవాటుగా అన్నాడా? అడిగేలోపల కండక్టరు విజిల్ వేశాడు. ఆయన సీటెక్కి, చెయ్యి ఊపి, బస్సు తోలుకుపోయాడు.

*

ఇంటికి వచ్చి అవ్వకు చెప్పాను. ఆమె విని, "అయితే సగం నాదిరా" అంది. కొంచెం సేపటికి, "లేదు, సగం కంటే ఎక్కువే" అంది. పడుకునేముందు మళ్ళీ పిలిచి, "తక్కువేమోరా" అంది.

నాయనకూ చెప్పాను, పాలూ నీళ్ళూ అని నేనన్న మాటతో సహా. మనిషిని పంపించి పిలిపిస్తానన్నాడు. ఆ మధ్యలో వాన వచ్చింది, మిగిలిన చేను దున్నకుండానే పత్తి విత్తారు, పిలిపించడం వెనకపడింది. నేను గుర్తు చెయ్యగలిగేవాణ్ణే. మళ్ళీ బస్సెక్కగలిగేవాణ్ణే. ఒకసారి వెళ్ళి వచ్చానన్న తృప్తితో కూర్చుండిపోయాను. నాది ఇట్లాంటి పశ్చాత్తాపమే ఎప్పుడూ. బస్సు చార్జీ దాకా వస్తుంది, దాని తరువాత రాదు.

మరుసటి ఏడు కొత్త నూనె పోసి, ఇంకొక డైవరును పెట్టారు. అతను సీటు మీద ఏదీ పరిచేవాడు కాదు, కాలితే దిగి నిలబడేవాడు. అవ్వ మొదటి బిందెను చక్రాల మీదికి మార్చింది. మూపురం దగ్గరికి వచ్చేసరికి గోడ మీద ఆరిన ఆ గోనెసంచిని మడిచి గేరుకడ్డీ చుట్టూ చుట్టేది, చంటిబిడ్డకు చెవులు కప్పినట్టు. నూనె మళ్ళీ తెల్లబడలేదు. కానీ రెండు నీళ్ళూ ఒకేసారి ఆగిపోయాయి కదా. ఏ నీళ్ళు ఆగినందుకు నూనె బాగుపడిందో తెలుసుకునే దారి అక్కడితో మూసుకుపోయింది.

అవ్వ పోయింది. బండి పోయినేడు పూర్తిగా ఆగిపోయింది, కొట్టంలోనే ఉంది. మునగచెట్టు కొట్టం కప్పు దాటింది. దాన్ని నాటింది ఎవరో తెలుసు. దానికి నీళ్ళు పోసినవాళ్ళం అని చెప్పుకోదగ్గవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు.

కోవిల్‌పట్టిలో బస్సు దిగి ఇంటికి వచ్చాక, చొక్కా కూడా విప్పకుండా కొట్టంలోకి వెళ్ళాను. ఇనుము మీద కోళ్ళు రెట్టలు వేశాయి. గేరుకడ్డీ చుట్టూ అవ్వ ఆఖరిసారి చుట్టిన గోనెసంచి అట్లాగే ఉంది. మీకు ఏమవుతాడాయన, అని కండక్టరు అడిగిన ప్రశ్న ఇంకా చెవిలో ఉంది. సంచిని తాకి చూశాను. పొడిగా, పెళుసుగా ఉంది. తడి ఏమీ లేదు. అయినా చేతులు పంచెకు తుడుచుకున్నాను. కుడి ముందు, తరువాత ఎడమ.